ఇది కొలబద్ద కాదన్న మనిషి: ఆల్ఫ్రెడ్ బినే



ఈ మధ్య పీటీఎంలలో మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఆరో తరగతిలో ఫౌండేషన్ సెక్షన్‌లో వేసేముందు మా బాబుకి ఐక్యూ టెస్ట్ చేయిస్తే మంచిదా మేడమ్ అని. కొందరైతే ముందే చేయించి, రిపోర్టు ఫైలుతోనే వస్తున్నారు. అందులో ఒక అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. 120 వస్తే అమ్మానాన్నల మొహం వెలిగిపోతుంది. 92 వస్తే, పక్కనే నిలబడ్డ పిల్లవాడు వింటున్నాడన్న ధ్యాస కూడా లేకుండా, వీడింతేనేమో మేడమ్ అనేస్తారు. పెద్దవాళ్లు ఆ మాట సాయంత్రానికి మరిచిపోతారు. వాడు మరిచిపోడు.

అందుకే ఈ నెల మహనీయుల జీవితాల శీర్షికలో, అసలు ఈ పరీక్షకు మూలపురుషుడైన ఆల్ఫ్రెడ్ బినే గురించి మీకు చెప్పాలనుకున్నాను. ఆయన పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. ఆయన ఈ పరీక్షను ఎవరి కోసం తయారుచేశారో తెలిస్తే, మీ చేతిలోని రిపోర్టును మీరు చూసే చూపు కొంత మారుతుందని నా నమ్మకం.

లా డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు

బినే 1857 జూలైలో నీస్ నగరంలో పుట్టారు. ఇప్పుడది ఫ్రాన్స్‌లో ఉంది. అప్పట్లో సార్డీనియా రాజ్యంలో ఉండేది. తండ్రి డాక్టరు, తల్లి చిత్రకారిణి. ఇద్దరూ విడిపోవడంతో పిల్లవాడు తల్లి పెంపకంలోనే పెరిగాడు. ఆమె కొడుకును పారిస్ తీసుకొచ్చి పేరున్న స్కూల్లో చదివించింది.

1878లో ఆయన లా డిగ్రీ తీసుకున్నారు కానీ ప్రాక్టీసు పెట్టలేదు. తర్వాత మెడిసిన్ మొదలుపెట్టి, మధ్యలోనే మానేశారు. ఒక్క నిమిషం ఊహించుకోండి. ఇరవై దాటిన కుర్రాడు, ఒక చదువు పూర్తిచేసి వదిలేశాడు, ఇంకో చదువు పూర్తి చేయకుండానే వదిలేశాడు. రోజూ పొద్దున్నే పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి వెళ్లి తనకు నచ్చిన పుస్తకాలు చదువుకుంటూ కూర్చుంటున్నాడు. మన ఇళ్లల్లో అయితే చుట్టాలందరూ కలిసి ఏమనేవాళ్లో మీకు తెలుసు.

ఆ లైబ్రరీలోనే ఆయనకు సైకాలజీ దొరికింది. ఆ సబ్జెక్టులో ఆయనకు డిగ్రీ లేదు, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పిన గురువూ లేడు. తనంతట తాను చదువుకున్నారు.

అయస్కాంతం నేర్పిన పాఠం

1883లో బినే పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో చేరారు. నరాల జబ్బుల డాక్టరుగా యూరప్ అంతా పేరున్న షార్కో అక్కడ పెద్ద. హిప్నాటిజం మీద ప్రయోగాలు జోరుగా సాగుతున్న రోజులవి. బినే, ఆయన సహచరుడు ఫెరే కలిసి ఒక వింత విషయం ప్రకటించారు. హిప్నాటిజంలో ఉన్న రోగి కుడిచేతి కదలికను అయస్కాంతం దగ్గర పెట్టి ఎడమచేతికి మార్చవచ్చని.

బెల్జియం నుంచి డెల్‌బఫ్ అనే ప్రొఫెసర్ వచ్చి స్వయంగా చూశారు. రోగికి అన్నీ వినబడుతున్నాయి, కనబడుతున్నాయి. ప్రయోగం చేసేవాళ్లు ఏం కోరుకుంటున్నారో రోగి పసిగట్టి అదే చేస్తోంది. అయస్కాంతానికి ఇందులో పనేమీ లేదని ఆయన తేల్చారు. బినే మొదట గట్టిగా వాదించారు. కొన్నేళ్లకు తాము పొరబడ్డామని ఒప్పుకోక తప్పలేదు. పేరు పోయింది. ఆ ఆసుపత్రిని వదిలేశారు.

ఆ దెబ్బ ఆయనకు జీవితాంతం పనికొచ్చింది. పరీక్షించేవాడి మనసులో ఉన్నది పరీక్ష రాసేవాడి జవాబులోకి దూరిపోతుందని ఆయనకు స్వానుభవంతో తెలిసింది. 1900లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశారు. ఇవాళ మంచి సైకాలజిస్టు పరీక్ష పెట్టేటప్పుడు అమ్మానాన్నల్ని బయట కూర్చోమనడానికి, ప్రశ్నను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే అడగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు

1884లో బినేకు పెళ్లయింది. 1885లో మడ్లెన్, 1887లో ఆలీస్ అనే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆసుపత్రిలో ప్రయోగాలు ఆగిపోయిన రోజుల్లో ఆయన ఇంట్లో పిల్లల్ని గమనించడం మొదలుపెట్టారు.

ఇద్దరూ నడక నేర్చుకున్న తీరే వేరు. పెద్దపిల్ల ఒక కుర్చీ పట్టుకుని, దగ్గర్లో ఇంకో ఆసరా ఉందని చూసుకున్నాకే అడుగు వేసేది. చిన్నపిల్ల ఆసరా ఉందో లేదో చూడకుండా గది మధ్యలోకి నడిచేసేది. పెరిగాక కూడా ఒకరిది నిదానం, శ్రద్ధ. ఇంకొకరిది ఊహ, చంచలత్వం. ఒకే ఇల్లు, అదే అమ్మానాన్నలు. ఇద్దరు పిల్లలున్న ఇళ్లల్లో మీరు రోజూ చూసేదే ఇది.

ఆయన వాళ్లకు రెండు గీతలు చూపించి ఏది పొడుగో చెప్పమనేవారు. అందులో పసిపిల్లలు పెద్దవాళ్లకు పెద్దగా తీసిపోలేదు. అదే ఒక వస్తువు పేరు చెప్పి అదేమిటో వివరించమంటే తేడా బయటపడింది. చాకు అంటే ఏమిటని అడిగితే, దాంతో కోస్తారు అని మాత్రమే చెప్పగలిగారు. కళ్లు, చెవులు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిస్తే తెలివి తెలుస్తుందని అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవారు. తన పిల్లల్ని చూశాక బినేకు ఆ నమ్మకం పోయింది. అర్థం చేసుకోవడం, ఆలోచించడం, తప్పు చేస్తే తనంతట తాను దిద్దుకోవడం, వీటిలోనే తెలివి ఉందని ఆయనకు అనిపించింది. 1903లో ఇద్దరు కూతుళ్ల ఆలోచనా తీరు మీద పూర్తి పుస్తకమే రాశారు. అందులో వాళ్ల పేర్లు మాత్రం మార్చారు.

లెక్కల వీరులు, కొట్టు క్యాషియర్లు

1891లో ఆయన సోర్బాన్ విశ్వవిద్యాలయంలోని సైకాలజీ ప్రయోగశాలలో చేరారు. జీతం లేదు. కొన్నేళ్లకే ఆ ప్రయోగశాలకు డైరెక్టరయ్యారు. 1894లో కీటకాల నాడీ వ్యవస్థ మీద డాక్టరేట్ పొందారు. 1895లో ఫ్రెంచి భాషలో సైకాలజీ పత్రిక ఒకటి మొదలుపెట్టారు. అది ఇప్పటికీ వస్తోంది. ఇంత చేసినా ఫ్రాన్స్‌లో ప్రొఫెసర్ పదవి ఆయనకు చివరిదాకా దక్కలేదు.

ఆ రోజుల్లో స్టేజీ మీద పెద్దపెద్ద లెక్కలు నోటితో చేసి జనాన్ని అబ్బురపరిచే వ్యక్తి ఒకరుండేవారు. పేరు ఇనోదీ. చిన్నప్పుడు గొర్రెలు కాసుకున్నవాడు. బినే ఆయన్ని పరీక్షించారు. అక్కడితో ఆగకుండా, పారిస్‌లోని బాన్ మార్షే అనే పెద్ద దుకాణం క్యాషియర్లను కూడా పిలిచి అవే లెక్కలు ఇచ్చారు. చిన్నచిన్న గుణకారాల్లో, ఏళ్ల తరబడి బిల్లులు వేసిన క్యాషియర్ ఆ వీరుడి కంటే వేగంగా చేసేశాడు. పెద్ద లెక్కల్లో మాత్రం ఇనోదీదే పైచేయి. పుట్టుకతో వచ్చిందెంత, అభ్యాసంతో వచ్చిందెంత అన్నది పైకి చూసి చెప్పేంత సులువు కాదని బినే గ్రహించారు.

తలలు కొలిచిన ఏళ్లు

అప్పటి పెద్దపెద్ద శాస్త్రవేత్తల మాట ఇంకోటుంది. తల పెద్దదైతే తెలివి ఎక్కువ అని. బినే కూడా మొదట నమ్మారు. స్కూళ్లకు వెళ్లి, తెలివైనవాళ్లని టీచర్లు చూపించిన పిల్లల తలలు, వెనకబడ్డారని చూపించిన పిల్లల తలలు కొలిచారు. తేడా మిల్లీమీటర్లలో వచ్చింది. పైగా, ఏ పిల్లవాడు ఏ రకమో ముందే తెలిసుంటే తన చెయ్యే తెలియకుండా కొలతను అటో ఇటో లాగుతోందని ఆయనకు అనుమానం వచ్చింది. అయస్కాంతం పాఠం గుర్తుందిగా! మళ్లీ కొలిచారు. చివరికి తల కొలతలతో తెలివి తేలదని పక్కన పెట్టేశారు.

ప్రభుత్వం అడిగిన ప్రశ్న

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఫ్రాన్స్‌లో 1882లో వచ్చిన చట్టం ప్రకారం ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా పిల్లలందరికీ చదువు తప్పనిసరి అయింది. అంతకుముందు బడి గడప తొక్కని ఇళ్ల పిల్లలు కూడా తరగతిలోకి వచ్చారు. కొందరు అందరితో పాటు నడవలేకపోయారు. వీళ్లను ఏం చేయాలి? వీడికి చదువు రాదు అని టీచరు ఒక్క మాట చెబితే చాలా? ఆ టీచరుకు వాడి అల్లరి నచ్చకపోయి ఉండొచ్చు. వాడికి చెవులు సరిగా వినబడకపోయి ఉండొచ్చు. ఇంట్లో తిండికి కష్టంగా ఉండొచ్చు.

1904లో ప్రభుత్వం దీనిపై ఒక కమిషన్ వేసింది. బినే అందులో సభ్యులు. ఏ పిల్లవాడికి నిజంగా ప్రత్యేక తరగతి అవసరం, ఎవరిని పొరపాటున వెనకబడ్డవాళ్లలో కలిపేస్తున్నారు అన్నది ఎలా తేల్చాలి? అభిప్రాయాల మీద కాకుండా, ఎవరు పరీక్షించినా ఒకే ఫలితం వచ్చేలా ఒక పద్ధతి కావాలి. అదీ ఆయన ముందున్న పని.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తెలివైనవాళ్లను ఏరి ర్యాంకులు ఇవ్వమని ఆయన్ని ఎవరూ అడగలేదు. అన్యాయంగా మొద్దు అనిపించుకుంటున్న పిల్లల్ని ఆ ముద్ర నుంచి తప్పించడం, నిజంగా సాయం కావాల్సినవాళ్లకు అది అందేలా చూడడం, ఈ రెండింటి కోసమే పరీక్ష పుట్టింది.

ముప్పై ప్రశ్నలు

తెయొదోర్ సిమోన్ అనే యువ డాక్టరుతో కలిసి బినే 1905లో మొదటి పరీక్షను ప్రచురించారు. సులువు నుంచి కష్టానికి వరసగా 30 అంశాలు. మొదటిది, వెలిగించిన అగ్గిపుల్లను కదిలిస్తే పిల్లవాడి కళ్లు దాని వెంట వెళతాయా అని చూడడం. తర్వాత వస్తువుల పేర్లు చెప్పడం, మూడు అంకెలు విని తిరిగి చెప్పడం, రెండు బరువుల్లో ఏది ఎక్కువో చేత్తో పట్టుకుని చెప్పడం. చివర్లో, దగ్గర దగ్గర అర్థాలున్న రెండు మాటల మధ్య తేడా చెప్పడం. పలక మీద నేర్చుకున్న పాఠాలు వీలైనంత తక్కువగా ఉండేలా చూసుకున్నారు. బడికి సరిగా వెళ్లని పిల్లవాడు అందువల్ల నష్టపోకూడదని.

1908లో దాన్ని మార్చి, వయసుల వారీగా పేర్చారు. మూడేళ్ల పిల్లలు ముక్కు, కళ్లు, నోరు చూపించగలగాలి. ఐదేళ్లవాళ్లు నాలుగు నాణేలు లెక్కపెట్టగలగాలి, చతురస్రం చూసి గీయగలగాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆరేళ్లవాళ్ల ప్రశ్నల దగ్గరే ఆగిపోతే, రెండేళ్లు వెనకబడ్డాడు కాబట్టి అతనికి సాయం కావాలేమో చూడండి అని దాని అర్థం. అంతే. బినే దాన్ని మానసిక స్థాయి అన్నారు. ఐక్యూ అనే మాట ఆయన ఏనాడూ వాడలేదు. ఆయన బతికుండగా ఆ మాట పుట్టనే లేదు.

బెలుం గుహ పొడవు, పిల్లవాడి తెలివి

బినే తన పరీక్ష గురించి ఒక హెచ్చరిక రాశారు. పొడవును కొలిచినట్టు తెలివిని కొలవలేమని, తన పరీక్ష ఇచ్చేది కొలత కాదని, ఒక వయసు పిల్లల వరసలో ఈ పిల్లవాడు ఈరోజు ఎక్కడ నిలబడ్డాడో చూపే గుర్తు మాత్రమేనని. ఇది కొంచెం లోతైన విషయం. మన దగ్గరున్న ఉదాహరణతో చూద్దాం.

నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లకు బెలుం గుహలు కొత్తేమీ కాదు. కొలిమిగుండ్ల మండలంలోని ఆ గుహల గురించి రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే నమోదు చేశారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982, 1983 సంవత్సరాల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపల సర్వే చేసింది. గుహ పొడవు 3,229 మీటర్లు. మనల్ని లోపలికి పంపేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు వరకు.

3,229 మీటర్లు అన్నది నిజమైన కొలత. ఆ కొలతలో మొదటి మీటరూ చివరి మీటరూ సమానం. పదహారు వందల మీటర్ల గుహ ఇంకోటుంటే, బెలుం దానికి రెట్టింపు అని ధైర్యంగా చెప్పొచ్చు. ఐక్యూ స్కోరుకు ఈ గుణం లేదు. 140 వచ్చిన పిల్లవాడి తెలివి 70 వచ్చిన పిల్లవాడి తెలివికి రెట్టింపు అంటే ఆ మాటకు అర్థమే లేదు. స్కోరు చెప్పేది వరసలో స్థానం మాత్రమే.

ఇంకో సంగతి. పొడవు ఎంత కచ్చితంగా తెలిసినా, తడితే స్వరాలు పలికే సప్తస్వరాల గుహ సంగతి గానీ, అడుగున పారే పాతాళగంగ సంగతి గానీ ఆ అంకెలో లేవు. నిజమైన కొలతకే ఇంత పరిమితి ఉంటే, కొలత కానిదాని మాటేమిటి? ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లల్లో పిల్లలకు రాయి మీద, గీత మీద ఉండే చూపును ఏ ఐక్యూ పరీక్షా పూర్తిగా అడగదు. ఓర్పు, పట్టుదల, స్నేహితుడితో సర్దుకుపోవడం, ఇవేవీ ఆ పరీక్షలో ఉండవు.

స్టాచ్యూ ఆట

బినే పరీక్ష పెట్టి ఊరుకోలేదు. వెనకబడ్డ పిల్లలకు పాఠాలు మొదలుపెట్టే ముందు, శ్రద్ధ పెట్టడం, కుదురుగా ఉండడం నేర్పాలన్నారు. కాలు వంకరగా ఉంటే వ్యాయామంతో సరిచేసినట్టు మనసుకూ వ్యాయామం ఉంటుందని ఆయన నమ్మకం. అందులో ఒకటి మన పిల్లలకు బాగా తెలిసిందే. టీచరు చెప్పగానే పిల్లలందరూ ఉన్నచోటే బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. మన వీధుల్లో పిల్లలు ఆడే స్టాచ్యూ ఆటే అది! మొదటిరోజు కదిలిపోయి నవ్వినవాళ్లే, కొన్నాళ్లకు ఎక్కువసేపు నిలబడగలిగారు.

1909లో ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రత్యేక తరగతులకు చట్టం చేసింది. అదే ఏడాది బినే పిల్లల చదువుపై ఒక పుస్తకం రాశారు. ఒక మనిషి తెలివి పుట్టుకతోనే తీరిపోయిందని, ఇక పెరగదని చెప్పేవాళ్ల మీద అందులో గట్టిగా విరుచుకుపడ్డారు. శిక్షణతో తెలివి పెరుగుతుందన్నదే ఆయన పక్షం.

1911లో పరీక్షను ఇంకోసారి సవరించారు. ఆ అక్టోబర్ 18న పారిస్‌లో కన్నుమూశారు. వయసు 54.

ఆయన పోయాక ఏం జరిగింది

1912లో జర్మనీ సైకాలజిస్టు విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించాలన్నారు. 1916లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన టెర్మన్ ఆ భాగఫలాన్ని వందతో గుణించే పద్ధతిని అందరికీ అలవాటు చేశారు. పదేళ్ల పిల్లవాడు పన్నెండేళ్లవాళ్ల స్థాయిలో చేస్తే 120, ఎనిమిదేళ్లవాళ్ల స్థాయిలో చేస్తే 80. వరసలో ఒక గుర్తుగా ఉన్నది ఇలా ఒంటి అంకె అయింది.

అంకె అయ్యాక దాని ప్రయాణం మారిపోయింది. గొడార్డ్ అనే ఆయన ఈ పరీక్షను ఇంగ్లిషులోకి తెచ్చి, ఓడల్లో అమెరికా చేరిన వలస జనానికి పెట్టించారు. అక్షరం ముక్క రానివాళ్లకు, ఆ దేశపు భాష తెలియనివాళ్లకు కూడా తక్కువ తెలివివాళ్లన్న ముద్ర పడింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 17 లక్షల మందికి పైగా సైనికులకు ఇలాంటి పరీక్షలే పెట్టారు. బుద్ధిమాంద్యం ముద్ర పడ్డవాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చట్టాన్ని 1927లో అమెరికా సుప్రీంకోర్టే సమర్థించింది. సాయం చేయడానికి పుట్టిన పరీక్ష మనుషుల్ని పక్కకు నెట్టడానికి వాడుకలోకి వచ్చింది.

టెర్మన్ 1921 నుంచి, మంచి స్కోర్లు వచ్చిన 1,500 మందికి పైగా పిల్లల్ని ఏరి జీవితాంతం గమనించే పని పెట్టుకున్నారు. చాలామంది బాగానే స్థిరపడ్డారు. వాళ్లలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. అప్పుడు పరీక్ష రాసీ స్కోరు చాలక ఆ జాబితాలోకి ఎక్కని విలియం షాక్లీకి 1956లో, లూయిస్ ఆల్వరెజ్‌కు 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

మన దేశానికి కూడా బినే పరీక్ష వచ్చింది. 1930లలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లలకు తగ్గట్టు దాన్ని మార్చారు. మీ రిపోర్టులో బినే-కామత్ టెస్ట్ అని ఉంటే అదే. మిసిక్ అని ఉంటే, అది 1969లో నాగపూర్‌లో మాలిన్ అనే ఆయన మన పిల్లల కోసం తయారుచేసింది.

మీ చేతిలోని రిపోర్టు

ఇప్పటి స్కోర్లలో భాగాహారం లేదు. ఒకే వయసు పిల్లల సగటును 100గా పెట్టుకుంటారు. వందమందిలో సుమారు 68 మంది 85కు, 115కు మధ్యే ఉంటారు. 95 మంది 70కి, 130కి మధ్య ఉంటారు. అంటే 92 వచ్చిన పిల్లవాడు ఆ పెద్ద గుంపు మధ్యలోనే ఉన్నాడు. అందులో భయపడాల్సింది ఏమీ లేదు. అదే పిల్లవాడికి ఇంకోరోజు 88 రావచ్చు, 96 రావచ్చు. మంచి పరీక్షలో కూడా ఐదారు పాయింట్లు అటూ ఇటూ అవుతాయి. జ్వరం, నిద్రలేమి, కొత్త మనిషంటే బెరుకు ఉంటే ఇంకా మారుతుంది.

అందుకని రిపోర్టు చూడగానే ఈ మూడు అడగండి. ఒకటి, ఏ పరీక్ష, ఎప్పటి ప్రమాణాలతో? ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో సగటు స్కోరు పదేళ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరిగింది. కాబట్టి పాత ప్రమాణాలతో చూస్తే స్కోరు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రెండు, ఏ భాషలో అడిగారు? ఇంట్లో తెలుగులో ఆలోచించే పిల్లవాణ్ని ఇంగ్లిషులో అడిగితే, పరీక్షించింది తెలివినా, ఇంగ్లిషునా? ఇంగ్లిష్ మీడియం టీచర్‌గా ఈ తేడా నేను రోజూ తరగతిలో చూస్తుంటాను. మూడు, మొత్తం స్కోరు కింద విడివిడి భాగాలు ఎలా ఉన్నాయి? భాషలో బాగా చేసి, వేగంలో వెనకబడ్డ పిల్లవాడికి కావాల్సిన సాయం వేరు. ఇక ఫోన్‌లో ఉచితంగా వచ్చే ఐక్యూ క్విజ్‌లను లెక్కలోకే తీసుకోకండి.

మరి ఐక్యూకి విలువే లేదా? ఉంది. స్కూలు మార్కులకూ దానికీ సంబంధం ఉందని ఎన్నో పరిశోధనలు చూపించాయి. కానీ పిల్లల మార్కుల మధ్య తేడాల్లో అది సుమారు నాలుగో వంతును మాత్రమే వివరిస్తుంది. మిగతాది అలవాటు, ఆసక్తి, ఆరోగ్యం, ఇల్లు, టీచరు, ఇంకా ఎన్నో. పైగా చదువే ఐక్యూని పెంచుతుంది. 6 లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, బడిలో గడిపిన ఒక్కో అదనపు ఏడాదికి 1 నుంచి 5 పాయింట్లు పెరుగుతాయని తేలింది. ఈ విషయంలో బినే వైపే కాలం నిలబడింది.

ఐక్యూ పరీక్ష నిజంగా కావాల్సిన పిల్లలున్నారు. ఎంత చెప్పినా అక్షరాలు తారుమారుగా రాసేవాళ్లు, నోటితో అన్నీ చెప్పి రాతలో ఆగిపోయేవాళ్లు, వయసుకు తగ్గ పనులు కూడా కష్టమయ్యేవాళ్లు. వాళ్లకు పరీక్ష చేయిస్తే కారణం తెలుస్తుంది, బోర్డు పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలకు, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చే సాయానికి దారి దొరుకుతుంది. ఇలాంటి పిల్లల కోసమే 1984 నుంచి సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ పనిచేస్తోంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఈ పిల్లల విషయంలో ఆలస్యం చేయకండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. బినే ముప్పై ప్రశ్నలు రాసింది సరిగ్గా వీళ్ల కోసమే.

బాగానే చదువుతున్న పిల్లవాణ్ని సెక్షన్ కోసం, ర్యాంకు కోసం పరీక్షకు తీసుకెళ్లాలా అని అడిగితే మాత్రం నా జవాబు అవసరం లేదనే. ఫౌండేషన్ క్లాసు వాడికి సరిపోతుందో లేదో, ఒక నెలరోజుల హోంవర్క్ నోట్‌బుక్కులు మనిద్దరం కలిసి తిరగేస్తే ఆ స్కోరు కంటే బాగా తెలుస్తుంది. వచ్చే పీటీఎంకి రిపోర్టు ఉన్నా లేకపోయినా ఆ నోట్‌బుక్కులు తీసుకురండి. స్కోరు గురించి మాట్లాడాల్సి వస్తే, పిల్లవాణ్ని కాసేపు గ్రౌండ్‌లో ఆడుకోమని పంపిద్దాం.